బురైదాలో తిరిగిన ఎల్క్

నా కారు మీద నాకొక ఫిర్యాదు ఉంది. అది నాకు సలహాలిస్తుంది. అల్ ఖోబర్‌లో బయలుదేరి ఇంకా రియాద్ అయినా చేరకముందే, స్టీరింగ్ వెనక ఒక కాఫీ కప్పు బొమ్మ వెలిగించి, మీరు అలిసిపోయారు, కాసేపు ఆగండి అంటుంది. నేను అలిసిపోలేదు. ఏళ్ల తరబడి ఇండియన్ స్కూల్లో పదో తరగతికి ఫిజిక్స్ చెబుతున్నదాన్ని. అలసట అంటే ఏమిటో ఒక యంత్రం దగ్గర నేర్చుకోవలసిన స్థితిలో లేను. టైరు గీతని తాకితే కూస్తుంది. పక్క సీట్లో మినపసున్నుండల డబ్బా పెడితే దానికి బెల్టు కట్టమంటుంది. ఈ దేశంలో ఆడవాళ్లు బండి నడపొచ్చు అనే రోజు కోసం సగం జీవితం ఎదురు చూశాను. తీరా ఆ రోజు వచ్చాక, ఎలా నడపాలో చెప్పే పని మగవాళ్ల దగ్గర్నుంచి కారుకి బదిలీ అయింది, అంతే తేడా.

ఆ రోజు నేను బురైదా వెళ్తున్నాను, పరామర్శకి. అబూ సాలెహ్ పోయారని ఆయన కొడుకు సాలెహ్ ఫోన్ చేశాడు. అబూ సాలెహ్ మా నాన్నకి కఫీల్. అంటే మా నాన్న ఈ దేశంలో ఉండాలన్నా, ఊరికి వెళ్లాలన్నా, వెళ్లినవాడు తిరిగి రావాలన్నా ఆయన సంతకం ఉండాలి. అంతటి మనిషి పోతే వెళ్లడం మర్యాద. కానీ నిజం చెప్పాలంటే నేను మర్యాద కోసం అంత దూరం బండి నడిపే మనిషిని కాదు. నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. అది మా నాన్నది. ఆయన బతికుండగా అడగలేకపోయాడు, నాకు వదిలిపెట్టి పోయాడు. ఆస్తి పంపకాల్లో నా వాటాకి వచ్చింది అదొక్కటే. మా నాన్న ఎంచి ఇచ్చిన తుపాకీ గుండు వల్ల ఎక్కడో మంచు దేశంలో ఒక జంతువు చావకుండా, గాయంతో అడవిలోకి పోయింది. దానికి అబూ సాలెహ్ ఆయన్ని క్షమించాడా, లేదా? అడగవలసిన మనిషి పోయాక బయలుదేరడం మా వంశంలో ఆనవాయితీ.

మా నాన్న వేటగాడు కాదని ముందే చెప్పాలి. ఆయన పేరు దేవదానం. రాజమండ్రిలో బీ.ఏ. చదివి, టైపు హయ్యరు పాసై, కళ్లజోడు లేకుండా ఎదురింటి మేకని కూడా గుర్తుపట్టలేని మనిషి. బురైదాకి ముందు వచ్చింది అమ్మ, ఆసుపత్రి నర్సుగా. అబూ సాలెహ్‌కి పిత్తాశయం తీసినప్పుడు అమ్మ వార్డులోనే పడుకోబెట్టారట. అమ్మ ఇచ్చిన సూది నొప్పి పెట్టలేదు. ఆ సంతోషంలో ఆయన, "సిస్టర్ రత్నం, నీ భర్త ఏం చేస్తాడు?" అని అడిగాడు. అమ్మ ఆలోచించి, "ఇంగ్లీషు చదువుతాడు, ఇంగ్లీషు రాస్తాడు, ఇంకేం చెయ్యడు," అంది. ఖర్జూరపు తోటలు, నీటి పంపులు, ట్రాక్టర్లు, అన్నిటికీ ఇంగ్లీషులో వచ్చే కాగితాలు గుట్టలు పడి ఉన్న ఆ పెద్దాయనకి సరిగ్గా అలాంటి మనిషే కావలసి వచ్చాడు. అలా మా నాన్న వీసా ఒక సూది మొన మీద వచ్చింది. కొన్నాళ్లకి నన్నూ తెచ్చుకున్నారు.

తోట గోడకి ఆనుకుని రెండు గదుల ఇల్లు ఇచ్చారు మాకు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ముందు వచ్చేది ఆ ఇంటి వాసన. కిటికీకి బిగించిన కూలర్లో తడిసిన గడ్డి వాసన, దాని మీదుగా ఎండాకాలం చివర్లో తోటలోంచి పాకంలా వచ్చే పండు ఖర్జూరం వాసన, అమ్మ యూనిఫారానికి పట్టిన డెట్టాల్. సెలవు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా నెత్తళ్లు తెచ్చిన వారం మాత్రం ఈ మూడూ ఓడిపోయేవి. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు గుమ్మం బయటే విడిచి, మోచేతుల దాకా కడుక్కుని, ఆ తర్వాతే నన్ను ముట్టుకునేది. శుక్రవారం పొద్దున మా ఇంట్లో ప్రార్థన. మా ప్రార్థనలకి అక్కడ అనుమతి లేదు కాబట్టి కిటికీ తెరలు వేసి, పాటలు గొంతు తగ్గించి పాడుకునేవాళ్లం. నాకు చాలా కాలం దాకా దేవుడికి గుసగుసలే ఇష్టమని అభిప్రాయం ఉండేది. ఊళ్లో మా చర్చిలో మైకు పెట్టి పాడుతుంటే ఇదేమిటి, ఆయనతో దెబ్బలాడుతున్నారా అనుకున్నాను.

అబూ సాలెహ్‌కి వ్యవసాయం వృత్తి, వేట పిచ్చి. ఏటా ఎండలు తగ్గే కాలానికి కొండలూ మంచూ ఉన్న దేశాలకి పోయి, గైడుని పెట్టుకుని, జింకల్ని వేటాడి వచ్చేవాడు. అక్కడి గైడు ఉత్తరాలన్నీ ఇంగ్లీషు, తూటాల కంపెనీల పుస్తకాలన్నీ ఇంగ్లీషు. కాబట్టి మా నాన్న ఉద్యోగంలో ఎవరూ చెప్పని కొత్త పని ఒకటి చేరింది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పెద్దాయన తోటలోని మజ్లిస్‌లో, అంటే మగవాళ్లు కూర్చునే ఆ పొడుగాటి గదిలో, దిండుకి చేరగిలబడి, "యల్లా దేవ్, చదువు," అనేవాడు. నాన్న మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని చదివి, తనకొచ్చిన అరబ్బీలో చెప్పేవాడు. నాకింకా మగవాళ్ల గదిలోంచి లేపేసే వయసు రాలేదు. పక్కన కూర్చుని ఖర్జూరాలు తినేదాన్ని. పళ్లెంలో ఒక పక్క ఖర్జూరాలు, ఒక పక్క మందు నింపని ఉత్త గుండ్లు, నమూనాకి తెప్పించినవి. రెండూ ఇంచుమించు ఒకే పొడుగు. నేను ఒక్కసారే పొరబడ్డాను. ఆ పన్ను ఎలాగూ ఊడే పన్నే.

రైఫిల్ గుండు అంటే సీసం ముద్ద, దాని మీద రాగి తొడుగు. ఇంతవరకూ అందరికీ అర్థమవుతుంది. చిక్కల్లా తర్వాతే. తొడుగు పల్చగా ఉండి ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే గుండు, ఒంట్లోకి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. విచ్చుకున్నది వెడల్పుగా చీల్చి, త్వరగా ఆగిపోతుంది. తొడుగు మందంగా ఉన్న గుండు మెల్లగా విచ్చుకుంటుంది, ఎముకని కూడా విరిచి లోతుకి పోతుంది. ఒక్కోసారి అటువైపు నుంచి బయటికి వచ్చేస్తుంది. సన్నటి జింకకి మొదటిది, బరువైన జంతువుకి రెండోది. ఇదంతా అరబ్బీలో చెప్పడానికి నాన్నకి మాటలు చాల్లేదు. అప్పుడు పళ్లెంలోంచి బాగా మగ్గిన రుతబ్ ఒకటి తీసి గచ్చు మీదకి విసిరాడు. అది చితికి అతుక్కుపోయింది. తర్వాత ఎండిన తమ్ర్ ఒకటి తీసి విసిరాడు. అది గింజతో సహా ఎగిరి గుమ్మం దాటింది. "అమ్మీ, గుండ్లు కూడా ఇంతే," అన్నాడు పెద్దాయనతో. అమ్మీ అంటే అరబ్బీలో బాబాయ్ అని. ఖర్జూరం తప్ప మరో భాష అక్కర్లేని పెద్దాయన లేచి కూర్చున్నాడు. "వల్లాహ్, ఈ ముక్క ఆ పుస్తకం రాసినవాడికి తెలీదు!" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య గుండ్లు రెండే రకాలు, రుతబ్, తమ్ర్. గైడుకి మాత్రం ఇంగ్లీషులో రాసేవాడు నాన్న.

అయితే పేజీ మీదున్నది పేజీ మీదున్నట్టు చదివే మా నాన్నకి ఒక్క విషయంలో సొంత అభిప్రాయం ఉండేది. ఆగే గుండే మంచి గుండు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మా ఇంట్లో ఉంది. ఆయనకి యేసుపాదం అని ఒక అన్నయ్య. మా తాతగారి ఊరు రంపచోడవరం వైపు, కొండల మొదట్లో. ఒకసారి ఎవరో ఆసామి, సైన్యంలో వాడే గట్టి తూటాలు సంపాదించుకుని, ఊళ్లో కుర్రాళ్లని తోడు తీసుకుని దుప్పి వేటకి వెళ్లాడు. దుప్పిని పొదల్లోంచి ఇటు తోలుకురమ్మని కొందర్ని అటువైపు పంపాడు. అటు వెళ్లినవాళ్లలో మా పెదనాన్న ఉన్నాడు. దుప్పి కనబడింది, ఆసామి కాల్చాడు, తగిలింది, పడింది. అందరూ కేకలేసుకుంటూ పరిగెత్తారు. దుప్పి వెనక చాలా దూరంలో పెదనాన్న కూర్చుని ఉన్నాడట, పొట్ట పట్టుకుని, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్న మనిషిలా. సన్నటి దుప్పి, గట్టి గుండు. లోపల ఆగలేదు. మా నాన్న ఆ రోజు ఆయన పక్కనే కూర్చుని, జట్కా వచ్చేదాకా మాట్లాడిస్తూనే ఉన్నాడు. జట్కా వచ్చేసరికి పలికే మనిషి లేడు. మా నాయనమ్మ బతికినంత కాలం ఆ ఆసామిని ఒక్క మాట అనలేదు. "గుండు ఆగలేదమ్మా," అనేది, అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ, వర్షం రాలేదమ్మా అన్నట్టు.

అందుకని నాన్న పెద్దాయనకి ఎప్పుడూ రుతబ్ గుండ్లే చెప్పేవాడు. జింకలకి అవి సరిపోయాయి కూడా. అబూ సాలెహ్ వెళ్లిన ప్రతిసారీ కొట్టినది కొట్టిన చోటే పడింది. తిరిగొచ్చి మజ్లిస్‌లో పదిమందిలో, "గుండు దేవ్‌ది, వేలు మాత్రమే నాది," అనేవాడు. మా నాన్న తల దించుకుని సిగ్గుపడేవాడు. జీవితంలో తుపాకీ పట్టుకోని మనిషికి వేటగాడన్న పేరు రావడం, ఈత రానివాడికి పడవల శాఖ ఇచ్చినట్టు ఉంటుంది. అమ్మ మాత్రం మురిసిపోలేదు. "పొద్దున్నించీ నేను మనుషుల్లోంచి మేకులూ ఇనప ముక్కలూ తీయించి వస్తాను, మీరు సాయంత్రం కూర్చుని ఏది లోపల బాగా విచ్చుకుంటుందో చెబుతారు. బాగుంది మన సంసారం," అనేది నెత్తళ్లు వేయిస్తూ.

అలా ఉండగా పెద్దాయన మనసు ఎల్క్ మీదకి పోయింది. పుస్తకంలో బొమ్మ చూపించి నాన్న నాకు చెప్పాడు, "మన అడవుల్లో కణుజు దుప్పి లేదూ, దానికి పెద్దన్నయ్య అనుకో. గుర్రమంత ఉంటుంది. కొమ్ములు చెట్టులా ఉంటాయి." గైడు ఉత్తరం రాశాడు. అందులో వేటగాళ్లు రాసే మర్యాదలేమీ లేవు. ఎల్క్ మామూలు జింక కాదు, దాని భుజం ఎముక గోడలాంటిది, జింకలకి వాడే మెత్తటి తేలిక గుండ్లు తెస్తే దాని మీద చితికిపోతాయి, బరువైనది, గట్టి తొడుగున్నది తీసుకురండి, అని రాశాడు. నాన్న ఆ ఉత్తరం ఉన్నదున్నట్టు చదివాడు. నేను అక్కడే ఉన్నాను, ఆయన ఒక్క ముక్క మింగలేదు. చదివి ఊరుకోవలసింది. పెద్దాయన ఊరుకోనివ్వలేదు.

"వాడి మాట విన్నాను. నువ్వేమంటావ్ దేవ్?"

నాన్న ఉత్తరాన్ని మడిచాడు, మళ్లీ విప్పాడు. "వాళ్లు తమ్ర్ అంటున్నారు అమ్మీ."

"అది విన్నాను. నువ్వు?"

"గట్టిది అటువైపుకి పోతుంది."

"పోతే పోనీ. అటువైపు కొండే కదా?"

"మీ గైడు ఉంటాడు, గుర్రాల వాళ్లుంటారు. తెలీదు అమ్మీ." నాన్న కళ్లజోడు తీసి తుడిచాడు. ఆయన కళ్లజోడు తుడిచాడంటే ఇక కదలడని అర్థం. "ఆగే గుండే తీసుకెళ్లండి."

పెద్దాయన కొంచెంసేపు తన గడ్డం నిమురుకున్నాడు. "ఇన్నేళ్లూ నీ గుండు నన్ను తల దించుకునేలా చెయ్యలేదు. రుతబ్ అనే రాసెయ్యి," అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో నేను నాన్నని అడిగాను, గైడుకి తెలీదా అని. పుస్తకంలో కూడా అదే ఉంది కదా అని. తోటలో ఖర్జూరపు గెలలకి సంచులు కడుతున్నారు. ఆయన వాటిని చూస్తూ, "తెలుసు స్వర్ణా. ఆయన చెప్పింది జంతువు గురించి, అది కరెక్టే," అన్నాడు. కొంత దూరం నడిచాక, నాకు కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు, "అటువైపు ఎవరో ఒకరు ఉంటారు. ఎప్పుడూ ఉంటారు," అన్నాడు.

అబూ సాలెహ్ తిరిగొచ్చిన సాయంత్రం మజ్లిస్ నిండా చుట్టాలు. కొమ్ములు ఎక్కడ వేలాడదీయాలో గోడకి మేకు కూడా కొట్టి ఉంచారు. ఆయన అందరితో కౌగలింతలయ్యాక నాకు ఉన్ని టోపీ ఒకటి ఇచ్చాడు, బురైదాలో చాలా ఉపయోగపడే వస్తువు. నాన్నకి చెయ్యి ఇచ్చాడు. కానీ కూర్చోమనలేదు. ఎవరో కొమ్ములేవీ అని అడిగారు. "దెబ్బ తగిలింది. పోయింది," అన్నాడు. అంతే. "రాహ్" అన్నాడు అరబ్బీలో, ఊరెళ్లిన మనిషి గురించి చెప్పినట్టు. మంచులో నెత్తుటి చారలు పట్టుకుని గైడూ తనూ చాలా దూరం వెతికారని, చీకటి పడి మంచు కురిసి జాడ కప్పేసిందని, ఆ తర్వాత వేరేవాళ్లు చెప్పగా నాన్నకి తెలిసింది. ఆయన మళ్లీ వేటకి వెళ్లలేదు. పుస్తకాలు తెప్పించలేదు. నమూనా గుండ్ల పళ్లెం ఎటు పోయిందో తెలీదు. అసర్ తర్వాత "యల్లా దేవ్" అనే పిలుపు ఆగిపోయింది. నాన్నని తోట మార్కెట్ లెక్కలు చూసే గదికి మార్చారు.

మాకు ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పాలి. కఫీల్‌కి కోపం వస్తే ఏమవుతుందో పిల్లలకి కూడా తెలుసు. ఫైనల్ ఎగ్జిట్ అనే మాట నాకు ఎక్కాలకన్నా ముందు వచ్చింది. నాన్నని పంపేస్తే నేనూ ఆయనతోనే వెళ్లాలి. అమ్మ ఒక్కతే నర్సుల హాస్టల్‌కి పోవాలి. అమ్మ సూట్‌కేసులు దించి దులిపి, మళ్లీ పైన పెట్టింది. ఒకరోజు అన్నం దగ్గర ఇక ఆగలేక అడిగింది.

"ఇంతకీ ఎక్కడ తగిలిందటండీ దానికి?"

"అడగలేదు."

"భుజానికి తగిలిందా, కాలికా, మరెక్కడైనానా? గాయం ఎక్కడో తెలీకుండా గుండుదే తప్పని ఎలా అనుకున్నారు?"

"కఫీల్‌ని పట్టుకుని మీకు గురి తప్పిందా అని అడగమంటావా రత్నం? ఆయన ఎన్నడూ తప్పలేదు. ఈసారి మారింది జంతువు ఒక్కటే. గుండు నేను మార్చనివ్వలేదు."

"మెల్లగా, మర్యాదగా అడగొచ్చు కదా."

"మర్యాదగా అడగడానికి దానికి అరబ్బీ లేదు," అన్నాడు నాన్న. అమ్మ ఆయనకి ఇంకొంచెం పెరుగన్నం వడ్డించింది. నేను ఇద్దరి మొహాలూ చూసి పెరుగన్నం నాకూ ఇంకొంచెం కావాలన్నాను, వద్దనిపిస్తున్నా.

ఎగ్జిట్ రాలేదు. నెలలు గడిచాయి, ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, రెన్యువల్ అయింది, రంజాన్‌కి బియ్యం బస్తా కూడా వచ్చింది. నాన్న దీన్ని దయ అనుకున్నాడు. తిడితే ఆయనకి సుఖంగా ఉండేది. తిట్టకుండా ఉంచుకున్న మనిషి ముందు రోజూ తల వంచుకుని కూర్చోవడం వేరు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఎల్క్ మా ఇంటికి వచ్చింది. ఎలా చెప్పాలో తెలీడం లేదు, ఉన్నదున్నట్టు చెబుతాను. నాన్న టీ తాగుతూ తాగుతూ గ్లాసు ఆపి, తోటవైపు చెవి పెట్టేవాడు. ఎండిన మట్టలు గాలికి ఒకదానికొకటి తగులుకుని టకటకమనేవి. "మట్టలే," అనేవాడు, మేము అడక్కుండానే. దాని గురించి పుస్తకాల్లో చదివిందంతా అన్నం దగ్గర చెప్పేవాడు. దెబ్బ తిన్న ఎల్క్ మందతో ఉండదట, విడిపోతుందట, పల్లానికి దిగుతుందట నీళ్ల కోసం. మా తోటలో నీళ్ల కాలవ పల్లం వైపే ఉండేది. నేను సాయంత్రాలు ఆ వైపు పోవడం మానేశాను. గుర్రమంత జంతువు, ఒక భుజం కుంటుతూ, ఖర్జూరపు చెట్ల మధ్య నుంచి వచ్చి, మా కిటికీ కూలర్ దగ్గర చల్లగా ఉంటుందని నిలబడి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. తడిగడ్డి వాసన దానిదే అనుకునేదాన్ని. అమ్మ కూడా ఒకసారి గుడ్డలు ఆరేస్తూ వెనక్కి తిరిగి చూసి, "ఛ," అని లోపలికి వచ్చేసింది. ఎవర్ని చూసి ఛ అందో నేను అడగలేదు.

శుక్రవారం ప్రార్థనలో నాన్న కొత్త మాట ఒకటి చేర్చాడు. "గాయంతో తిరుగుతున్న వాటి కోసం," అని. ప్రార్థనకి వచ్చే మలయాళీ నర్సులు తమ పేషెంట్ల గురించి అనుకుని గట్టిగా ఆమెన్ అన్నారు. అమ్మ కళ్లు తెరిచి నాన్న వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆ మాట మా ఇంటి ప్రార్థనలో స్థిరపడిపోయింది. రాజమండ్రికి తిరిగి వెళ్లాక కూడా, మైకులున్న చర్చిలో కూర్చుని, ఆయన దాన్ని గుసగుసగానే అనేవాడు.

నేను ఫిజిక్స్ తీసుకోవడానికి కారణం ఇదని ఎవరికీ చెప్పలేదు. కాలేజీలో గతిశక్తి పాఠం వచ్చిన రోజు నోట్సు వెనక పేజీలో ఆ గుండుని లెక్క కట్టాను. తేలిక గుండు, పల్చటి తొడుగు, గోడలాంటి ఎముక. లెక్క ఎన్నిసార్లు వేసినా ఒకటే జవాబు. గైడు చెప్పిందే నిజం, మా నాన్న గుండు ఆ భుజం మీద రుతబ్‌లా చితికిపోయే ఉంటుంది. న్యూటన్‌కి మా పెదనాన్న సంగతి తెలీదు కాబట్టి ఆయనకి ఇందులో పక్షపాతం లేదు. నాన్న చివరి రోజుల్లో, గుండెకి మందులు వాడుతూ, మనుషుల్ని పోల్చుకోవడం కొంచెం తప్పుతున్నప్పుడు, ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "దొరికిందా?" అన్నాడు. కళ్లజోడు అనుకుని తెచ్చి ఇచ్చాను. పెట్టుకోలేదు. "జాడ మంచు కింద ఉంటుంది. కరిగాక వెతకమని చెప్పు," అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఆ వారంలోనే వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ఏడాది అమ్మ.

ఇవన్నీ కారుకి తెలీదు. అది బురైదా పొలిమేరలో నాకు అభినందనలు చెప్పి, గమ్యం కుడివైపు అంది. కుడివైపు మా ఇల్లు లేదు. గోడా లేదు. ఆ చోట కార్లు కడిగే షెడ్డు ఉంది, బెంగాలీ కుర్రాళ్లు నురగ చల్లుతున్నారు. తోట మిగిలింది గానీ చెట్లకి నంబర్లు వేసి, గొట్టాలతో చుక్కలు చుక్కలుగా నీళ్లు పెడుతున్నారు. కాలవ లేదు. పోనీ మంచిదే, అది నీళ్ల కోసం వచ్చినా ఇక దొరకవు, అనుకున్నాను. ఆ మాట పైకే అన్నానేమో, షెడ్డులో కుర్రాడొకడు "జీ మేడం?" అన్నాడు. అప్పట్లో అమ్మ ఆసుపత్రి బస్సు దాటి ఎక్కడికైనా వెళ్లాలంటే నాన్న ఉండాలి, నాన్న వెళ్లాలంటే పెద్దాయన సంతకం కావాలి. ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఇంత దూరం వచ్చి బండి ఆపుకున్నాను. ఇన్ని మారాయి. ఎవరి దగ్గర ఏమి అడగొచ్చు, ఏమి అడగకూడదు అన్నది మాత్రం మారలేదని పెద్దాయన ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే తెలిసింది.

ఆడవాళ్ల గది నిండా నల్లటి అబాయాలు, యాలకుల కాఫీ వాసన. మధ్యలో ఉమ్మ్ సాలెహ్, పెద్దాయన భార్య. నా చిన్నప్పుడు కూడా ఆమె నాకు ముసలావిడగానే కనిపించేది, కాబట్టి పెద్దగా మారలేదు. మాట మెత్తగా చెప్పడం అనే అలవాటు ఆమెకి ఎన్నడూ లేదు. ఇప్పుడు చెవులు తగ్గాయి కాబట్టి ఆ మాటే గట్టిగా చెబుతోంది. నేను వంగి పరామర్శ మాట చెప్పి, నుదుటి మీద ముద్దు పెట్టుకుని, నేనెవరో చెప్పుకున్నాను. నా మొహం రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"దేవ్ కూతురివా. లావయ్యావు."

"అవును ఖాలా."

"మీ అమ్మ సూది నొప్పి తెలిసేది కాదు. ఉందా?"

"లేదు. నాన్న కూడా లేరు."

"రహ్మతుల్లా. మా ఆయన అడుగుతుండేవాడు, దేవ్ ఉత్తరం రాశాడా అని. కూర్చో, తిను." పళ్లెం నా ఒళ్లోకి తోసింది. ఒకామె చిన్న గిన్నెలో కాఫీ పోసింది. చుట్టూ ఆడవాళ్లు మళ్లీ తమ మాటల్లో పడ్డారు. ఇక అడక్కపోతే ఈ జన్మకి అడగనని తెలుసు. పిల్లలకి పరీక్షలో సిలబస్‌లో లేనిది అడిగినప్పుడు వాళ్ల మొహం ఎలా ఉంటుందో, నా మొహం అలా ఉండి ఉంటుంది.

"ఖాలా, ఒక మాట అడగొచ్చా? ఆ ఆఖరి వేట. పెద్ద కొమ్ముల జంతువు, దెబ్బ తిని పోయింది చూడండి. ఆ గుండు మా నాన్న చెప్పింది. గైడు వద్దన్నా నాన్నే పట్టుబట్టాడు. దాని వల్లే అది చావకుండా పోయిందని నాన్న చివరిదాకా కుమిలిపోయాడు. పోయే ముందు కూడా అదే మాట. పెద్దాయన మనసులో ఏముండేది? నాన్నని క్షమించారా?"

ఆమె ఒక చెవి నా వైపు తిప్పి మొత్తం వింది. కాఫీ పోసే ఆమె మళ్లీ వస్తే, ఇక చాలని ఖాళీ గిన్నెని వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపి ఇచ్చేసింది. తర్వాత, చెవులు వినబడని మనుషుల గొంతుతో, గదిలో అందరూ మాటలు ఆపి ఇటు తిరిగేలా అంది:

"గుండుకేమొచ్చింది? గైడు ఆగు ఆగు అంటుంటే వినకుండా, పరిగెత్తుతున్నదాన్ని కాల్చాడు, పొట్టలో తగిలింది. వచ్చిన రోజే ఈ గదిలో కూర్చుని నాతో చెప్పుకుని ఏడ్చాడు. మీ నాన్నకి చెప్పనే లేదా?"